నెప్ట్యూన్ దాకా కొసరు

"పన్నెండు పాయింట్ ఏడు ఆరు మిల్లీమీటర్ల పూస ఒకటి కావాలి," అందామె.

గుండీల షాపు కౌంటరు వెనక నిలబడ్డ అతనికి ఊహ తెలిసినప్పటి నుంచి ఇలాంటి బేరం తగల్లేదు. గుడ్డముక్క తెచ్చి దీనికి సరిపడే దారం ఇమ్మంటారు. చొక్కా ఎత్తి చూపించి, ఊడిన గుండీకి జోడీ ఇమ్మంటారు. పాయింట్లు పెట్టుకుని ఎవరూ రారు.

"ఏ రంగు మేడమ్?"

"నీలం. మధ్యలో తెలుపు, ఆకుపచ్చ ఉన్నా ఫరవాలేదు."

"దేనికి కుట్టాలి?"

"కుట్టడానికి కాదు. భూమి."

అతను ఇంకేమీ అడక్కుండా నీలం పూసల ట్రే తీసి ముందు పెట్టాడు. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి వెర్నియర్ కాలిపర్స్ తీసింది. ఒక్కో పూసనూ దాని దవడల మధ్య పెట్టి, కన్ను చికిలించి చదవడం మొదలుపెట్టింది.

"పదమూడు. పదమూడు. పన్నెండు. ఇదీ పదమూడే."

"మా దగ్గర ఇవే సైజులు మేడమ్. పదమూడు తీసుకోండి."

"పాయింట్ రెండు నాలుగు ఎక్కువ."

"దానికే కొంపలు మునుగుతాయా?"

ఆమె తలెత్తి చూసింది. వెనకబెంచీలో నవ్విన వాణ్ణి టీచర్లు చూసే చూపు అది. "ఇక్కడ ఒక మిల్లీమీటరంటే వెయ్యి కిలోమీటర్లు. మీరు భూమిని రెండొందల నలభై కిలోమీటర్లు లావు చేస్తున్నారు."

"ఎక్కువేగా ఇస్తున్నాను! తక్కువైతే అడగండి."

లోపల అట్టలకి గుండీలు కుడుతున్న నాయనమ్మ పకపకా నవ్వింది. నవ్వడానికి కారణముంది. ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు. అందరికీ అతను 'కొసరు'. షాపు పెట్టిన తాత మీటరు కడ్డీ మీద రిబ్బను పరిచి, మీటరు గీత దగ్గర బొటనవేలు అదిమి, వేలికి అవతలి పక్కన కత్తెర వేసేవాడు. ఆ వేలి వెడల్పు కొసరు. రెండు సెంటీమీటర్లు. తాత పోయాక షాపుతో పాటు ఆ వేలు కూడా మనవడికి వచ్చింది. అయిదు మీటర్లు కొలిస్తే అయిదుసార్లూ వేలు పడాల్సిందే. అది అతను ఆలోచించి చేసే పని కాదు. చెయ్యి దాని పాటికది చేసుకుపోతుంది.

"సరే, ప్రస్తుతానికి పదమూడే ఇవ్వండి," అని ఆమె బ్యాగులోంచి కాగితం తీసింది. వీధి చివరి స్కూల్లో ఆమె కొత్త సైన్సు టీచరు. పుస్తకాల్లో గ్రహాలన్నీ బస్సు కోసం క్యూలో నిలబడ్డట్టు పక్కపక్కన ఉంటాయట. పిల్లలు అదే నిజమనుకుంటున్నారట. అందుకని స్కూలు గోడ మీద సూర్యుణ్ణి పెట్టి, ఏ గ్రహం ఎంత దూరాన ఉండాలో అంత దూరాన రోడ్డు వెంట పెడుతుందట. సైజుకీ దూరానికీ ఒకటే స్కేలు. మిల్లీమీటరుకి వెయ్యి కిలోమీటర్లు, మీటరుకి పది లక్షలు.

"సూర్యుడెంత వస్తాడు?"

"మీటరు ముప్ఫైతొమ్మిది సెంటీమీటర్లు. అక్కణ్ణించి నూటయాభై మీటర్ల దూరంలో ఈ పూస."

అతను పూసనోసారి చూశాడు, వీధి వైపోసారి చూశాడు. నూటయాభై మీటర్లంటే మందుల షాపు దాకా. "మధ్యలో?"

"బుధుడు, శుక్రుడు. మిగతాదంతా ఖాళీ." ఆమె కాగితం చూసింది. "బుధుడికి అయిదు మిల్లీమీటర్ల పూస కావాలి. ఉందా?"

అయిదు మిల్లీమీటర్ల పూసలు పై అరలో రెండు డబ్బాల నిండా ఉన్నాయి. అతని కళ్లు అటు వెళ్లి వచ్చాయి.

"స్టాక్ లేదు మేడమ్. రేపు రండి."

"ఒరేయ్, పైన డబ్బాలో..." అంది నాయనమ్మ.

"నాయనమ్మా, మంచినీళ్లు కావాలన్నావు కదూ?"

నాయనమ్మ అనలేదు. అయినా మనవడి మొహం చూసి, "అవున్రా, గొంతెండిపోతోంది," అంది.

*

మర్నాడు ఆమె వచ్చి బుధుణ్ణి తీసుకెళ్లింది. ఆ మర్నాడు శుక్రుణ్ణి. ఆ తర్వాత కుజుణ్ణి. ప్రతిరోజూ తర్వాతి గ్రహం స్టాక్ లేదు. ప్రతిరోజూ స్కూలు వదిలిన పది నిమిషాలకి ఆమె వెర్నియర్‌తో సహా గుమ్మంలో ఉండేది. నాలుగున్నర కాగానే అతను దువ్వెన తీయడం నాయనమ్మ గమనించింది. నోరు మాత్రం మెదపలేదు. మంచినీళ్లు తాగీ తాగీ ఆవిడకి విసుగొచ్చింది.

గురుగ్రహం దగ్గర చిక్కొచ్చింది. పద్నాలుగు సెంటీమీటర్ల పైన వెడల్పు. అంత పూస ఎక్కడా దొరకదు.

"ఉన్నితో చుడతాను," అన్నాడతను. "గోధుమరంగు ఒక పట్టీ, తెలుపొక పట్టీ. ఎర్రమచ్చ కూడా వేస్తాను."

"ఎర్రమచ్చ సంగతి మీకెలా తెలుసు?"

"లైబ్రరీకి వెళ్లాను," అని, దొంగతనం ఒప్పుకున్నవాడిలా అతను కత్తెర సర్దుకున్నాడు.

ఆమె కాగితంలో గురుడి కొలత వెతికింది. తర్వాత వెర్నియర్‌ని కౌంటరు మీద వదిలి వెళ్లింది. "చుట్టేటప్పుడు కొలుచుకోండి. నూట నలభైమూడు. ఒక్కటి కూడా ఎక్కువ వద్దు."

అతను మూడు రోజులు చుట్టాడు, విప్పాడు, చుట్టాడు. నూట నలభైమూడుకి తెచ్చాడు. శనిని కూడా ఉన్నితోనే చుట్టి, కాలర్లలో వేసే బక్రం గుడ్డని గుండ్రంగా కోసి వలయం చేశాడు. యురేనస్, నెప్ట్యూన్‌లకి రెండు నీలం ఉండలు. అన్నీ అయ్యాక వెర్నియర్ తిరిగిచ్చేశాడు.

శని దగ్గర ఇంకో గొడవ. లెక్క ప్రకారం ఆ గ్రహం ఫోటో స్టూడియో గుమ్మం దగ్గర పడుతుంది. స్టూడియో ఆయన ఒప్పుకోలేదు.

"పొద్దున్నే శనిని గుమ్మానికి కడతారా? నా వ్యాపారం ఏం కావాలి? నా మొహానికి ఇంకేదన్నా ఇవ్వండి."

"గ్రహాలు మనం పంచుకునేవి కావండీ," అంది టీచరు.

అతను ఆమెని పక్కకి జరిపాడు. "అన్నా, ఒకసారి చూడు. ఇన్ని గ్రహాల్లో చూడగానే ఉంగరం కనిపించేది ఇదొక్కటే. నువ్వు తీసేవి పెళ్లి ఫోటోలు. పిల్లలూ పెద్దలూ నీ గుమ్మం ముందు నిలబడి ఉంగరం చూస్తారు. చూశాక వెనకాల బోర్డు చూడరా?"

స్టూడియో ఆయన గడ్డం గోక్కున్నాడు. "లైటు నేను పెట్టిస్తాను," అన్నాడు.

బయటికొచ్చాక ఆమె అంది, "మిగతా పెద్ద గ్రహాలకి కూడా వలయాలున్నాయి. కంటికి ఆనవు, అంతే."

"అందుకే చూడగానే కనిపించేది అన్నాను. లైబ్రరీకి వెళ్లానన్నానుగా."

*

దూరాలు కొలవడానికి పెద్ద టేపు కావాలి. స్కూల్లో ఉన్న టేపు స్పోర్ట్స్ సారుది. ఆయన తన టేపు లాంగ్‌జంప్‌కి తప్ప దేనికీ ఇవ్వడు. ఫోన్‌లో మ్యాపు ఇక్కడ అయిదు మీటర్లు, అక్కడ ఎనిమిది మీటర్లు అటూ ఇటూ అవుతోంది.

"మా నాన్న దగ్గర స్టీలు టేపుంది," అందామె. "ఆయన రిటైరైన సర్వేయరు. అడగను."

"ఎందుకు?"

"చిన్నప్పుడు నేను ఇల్లు బొమ్మ వేస్తే, తలుపు కంటే కిటికీ పెద్దదైందని దిద్దారు. హాస్టల్ నుంచి ఉత్తరం రాస్తే, తేదీ తప్పని దిద్ది తిరుగు టపాలో పంపారు. నేను చేసిన పని ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆయన దిద్దకుండా ఉండాలి. ఇది అదే. సూర్యుడి కింద పెట్టే బోర్డు మీద నా సంతకం ఉంటుంది. 'ఈ దారిలో కొలతలన్నీ సరిచూసినవి' అని."

"అయితే నాడా ఇస్తాను. సాగని కాటన్ నాడా, యాభై మీటర్లు. దాన్ని రోడ్డు మీద పరుచుకుంటూ పోదాం. నెప్ట్యూన్‌కి తొంభైసార్లు."

"సరిగ్గా యాభై మీటర్లే కదా?"

"ఒక్క అంగుళం తక్కువుంటే నా పేరు మార్చుకుంటా," అన్నాడు కొసరు. మీటరు కడ్డీ ముందేసుకుని ఆ రాత్రే కొలిచాడు. యాభైసార్లు కడ్డీ మీద పరిచాడు. యాభైసార్లూ బొటనవేలు తన పని తాను చేసుకుంది.

రెండు ఆదివారాలు కొలిచారు. నాడా ఒక చివర అతను, ఒక చివర ఆమె. కొలత పడ్డ ప్రతిచోటా గ్రహాన్ని మూత ఉన్న చిన్న గాజు పెట్టెలో పెట్టి బిగించారు. రోడ్డు మీదివాళ్లు కరెంటు స్తంభాలు వేస్తున్నారా అని అడిగారు. ఒక పెద్దాయన రోడ్డు వెడల్పు చేస్తున్నారనుకుని తన అరుగు జోలికి రావద్దన్నాడు. కుజుడు మంగలిషాపు దగ్గర పడ్డాడు. ఆ తర్వాత అతను ఆగాడు.

"మా షాపు దగ్గర ఏం పడుతుంది?"

ఆమె కాగితం చూసింది. "ఏం పడదు. కుజుడికీ గురుడికీ మధ్య గ్రహాల్లేవు. చిన్న చిన్న రాళ్లు."

"చిల్లరన్నమాట."

"ఆ, చిల్లర."

"గుండీల షాపుకి తగ్గట్టే ఉంది," అని నవ్వాడు గానీ, పడ్డట్టు తెలియని దెబ్బ ఎక్కడో తగిలింది. ఇన్ని గ్రహాలు మోసినవాడి గుమ్మానికి ఒక్కటీ రాలేదు.

స్టూడియో దగ్గరికి వచ్చేసరికి వాన మొదలైంది. ముందు నాలుగు చినుకులు పడ్డాయి, వెంటనే కుండపోత అందుకుంది. తడిస్తే నాడా కురుచవుతుందని అతను మొత్తం యాభై మీటర్లూ చుట్టి చొక్కాలో దోపుకున్నాడు. స్టూడియో రేకు కింద ఇద్దరూ నిలబడ్డారు. ఆమె అతని పొట్ట వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకుని, ఆపుకోలేక నవ్వింది.

"ఎన్నో నెల?" అంది.

"కవలలు. యురేనస్, నెప్ట్యూన్."

ఆమె నవ్వీ నవ్వీ గోడకి ఆనుకుంది. నవ్వు తగ్గాక చెయ్యి బయటికి చాపి వాన పట్టింది. "ఈ స్కేలులో వెలుతురు ఎంత వేగంతో వెళ్తుందో తెలుసా?"

"తుపాకీ గుండులా."

"సెకనుకి ఒక అడుగు."

అతను నమ్మలేదు. వాన వెలిశాక ఇద్దరూ స్కూలుకి తిరిగి వెళ్లి పరీక్ష పెట్టుకున్నారు. ఆమె స్టాప్‌వాచ్ పట్టుకుంది. గోడ మీద సూర్యుడు ఉండబోయే చోటు నుంచి సెకనుకొక అడుగు చొప్పున పక్కపక్కన నడిచారు. పెళ్లికూతురు కూడా అంత నెమ్మదిగా నడవదు. బస్‌స్టాపులో జనం మాటలాపి చూశారు. మందుల షాపు దగ్గరికి చేరేసరికి లెక్క చెప్పిన ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు దాటి, ఇంకో పది సెకన్లు పట్టింది. ఆ పదిని ఆమె దారిలో తన కాలుజారిన గుంత ఖాతాలో రాసేసింది.

"ఎండ మన మీద పడటానికి ముందు ఇంత నడిచి వస్తుంది," అందామె.

ఎండ సంగతి ఏమో గానీ, ఆ ఎనిమిది నిమిషాలూ అయిపోయినందుకు అతనికి బాధేసింది. "నెప్ట్యూన్ దాకా ఎంతసేపు?"

"నాలుగు గంటల పది నిమిషాలు."

అతను ఆ అంకెని దాచుకున్నాడు.

రెండో ఆదివారం నాడా తొంభైయోసారి పరిచినప్పుడు, దాని చివర ఒక ఇంటి గేటు దగ్గర ఆగింది. ఆమె గేటు వైపూ నాడా వైపూ మార్చి మార్చి చూసింది.

"ఇది మా ఇల్లు."

"నెప్ట్యూనే?"

"ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగుతుందనుకున్నాను. అది ఇంకా తొంభై మీటర్లు వెనక ఉంది." ఆమె కాగితం తిప్పి చూసింది. "రోడ్డు మలుపులు నేను సరిగ్గా లెక్కేసుకోలేదేమో."

"నెప్ట్యూన్‌కి మీ ఇల్లు నచ్చిందేమో."

ఆమె ఎర్రబడి, పెట్టె బిగించడానికి స్క్రూడ్రైవర్ అడిగింది. నాన్న పెన్షనర్ల మీటింగుకి వెళ్లారట. ఇద్దరూ కలిసి నీలం ఉండ ఉన్న పెట్టెని గేటు స్తంభానికి బిగించారు. ఆఖరి స్క్రూ బిగిస్తూ ఉండగా అతనికి తట్టింది. గ్రహాలు అయిపోయాయి. రేపట్నించి ఆమె షాపుకి రావడానికి పనేమీ లేదు.

*

ప్రారంభోత్సవం శనివారం పదింటికి. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికే ఆమె షాపులోకి వచ్చింది. చేతిలో వెర్నియర్ లేదు, ఒక నోటుబుక్కు ఉంది.

"మీ మీటరు కడ్డీ ఇలా ఇవ్వండి. నాడా కూడా."

ఆమె గొంతు విని నాయనమ్మ సూది ఆపింది.

ఆమె నాడాని కడ్డీ మీద పరుస్తూ పోయింది. యాభై పూర్తయ్యాక ఇంకా నాడా మిగిలింది. మిగిలిన ముక్కని కడ్డీ మీద పెట్టింది. అది సరిగ్గా ఇంకో మీటరు.

"రోజూ గేటు దగ్గర గ్రహం వేలాడుతుంటే మా నాన్న ఎన్నాళ్లు ఊరుకుంటారు? స్టీలు టేపు తీశారు. నిన్న, ఇవాళ రెండు రోజులు కొలిచారు. భూమి నూటయాభై మూడు మీటర్ల దగ్గరుంది. గురుడు ఏడొందల డెబ్భై ఎనిమిది దగ్గరుండాలి, ఏడొందల తొంభైమూడున్నర దగ్గరున్నాడు. నెప్ట్యూన్ తొంభై మీటర్లు తప్పు. యాభై అడిగితే యాభైయొకటి ఎందుకిచ్చారు?"

"ఎక్కువేగా..." అన్నాడతను. సగంలోనే ఆ మాట ఎంత తప్పో తెలిసి ఆగిపోయాడు.

"నాకు ఎక్కువ అక్కర్లేదు! మీరు అందరికీ వేలెడు ఎక్కువిచ్చి మంచివాడనిపించుకోండి. నాకు యాభై కావాలి. యాభై!" ఆమె నోటుబుక్కు కౌంటరు మీద పడేసింది. "రేపు నా సంతకం కింద అన్ని అంకెలూ తప్పు. మా నాన్న ఒక్క మాట అనలేదు. ఎర్ర పెన్నుతో రాసి టేబుల్ మీద పెట్టారు. అనుంటేనే బాగుండేది."

"ఇప్పుడే వెళ్లి అన్నీ మారుస్తాను. ఎనిమిది పెట్టెలే కదా."

"పొద్దున స్కూలు కమిటీ వాళ్లు పెట్టెలు కదలకుండా సిమెంటు చేయించేశారు. వదిలేయండి. పెద్దటీచరు గారికి చెప్పి ఆ బోర్డు తీయించేస్తాను." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఇంక స్టాక్ గురించి బెంగపడకండి. నేను రాను."

ఆమె వెళ్లాక నాయనమ్మ సూదిని అట్టకి గుచ్చి పక్కన పెట్టింది.

"మీ తాత వేలు ఇంత దూరం తెస్తుందనుకోలేదురా," అంది నాయనమ్మ.

అతను నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాడు. ఎర్ర అంకెలు ఒక వరస, ఉండాల్సిన అంకెలు ఒక వరస. నూటయాభైకి మూడు ఎక్కువ. నాలుగువేల అయిదొందలకి తొంభై ఎక్కువ. కాగితం మీద భాగించాడు. నూటికి రెండు. ఇంకోటి చూశాడు. నూటికి రెండు. ఎనిమిది గ్రహాలకీ అంతే. వెంట్రుకవాసి తేడా లేదు.

అతని కళ్లు గోడ మీద గుండీల అట్టల దగ్గర ఆగాయి. ఒకే గుండీ, ఆరు సైజుల్లో. చిన్నదానిలో నాలుగు రంధ్రాలు దగ్గరగా ఉంటాయి. పెద్దదానిలో అవే నాలుగు రంధ్రాలు అంతే లెక్కన దూరం జరుగుతాయి. దాన్ని చూసి తప్పు గుండీ అని ఎవరూ అనరు. పై సైజంటారు.

పదమూడు మిల్లీమీటర్ల పూస ఒకటి గుప్పెట్లో పెట్టుకుని, నోటుబుక్కు చంకన పెట్టుకుని సైకిలెక్కాడు.

*

సర్వేయరు గారు గేటు దగ్గరే ఉన్నారు. స్టీలు టేపు తుడిచి చుట్టుకుంటున్నారు. గేటు స్తంభానికి నెప్ట్యూన్ వేలాడుతోంది.

"నువ్వేనా, కొసరంటే?"

"అవునండీ. తప్పు నాది. టీచరు గారిది కాదు."

"తప్పెవరిదో టేపు చెప్పదయ్యా. తప్పెంతో చెబుతుంది."

"అదేనండీ అడగడానికొచ్చాను. తప్పు అన్నిచోట్లా ఒకేలా ఉంది కదా? అంటే మేం తప్పు కొలవలేదు, పై సైజు కొలిచాం. దూరాలన్నీ నూటికి రెండు పెరిగాయి. గ్రహాల్ని, సూర్యుణ్ణి కూడా నూటికి రెండు పెంచేస్తే స్కేలు మళ్లీ ఒకటే అవుతుంది కదండీ?"

ఆయన టేపు చుట్టడం ఆపారు. వరండా తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో అతను చూడలేదు.

"భూమి ఎంత?" అని కూతుర్ని అడిగారు ఆయన.

"పన్నెండు పాయింట్ ఏడు ఆరు," అంది ఆమె, ఇష్టం లేకుండా.

ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, అరచేతిలో గుణించారు. చూశారు. మళ్లీ గుణించారు.

"పదమూడు పాయింట్ సున్నా ఒకటి."

అతను గుప్పెట విప్పాడు. ఆమె మెట్లు దిగి వచ్చి పూసని తీసుకుంది. మొదటి రోజు రెండొందల నలభై కిలోమీటర్లు లావని తిట్టిన సైజే అది. కొలవాల్సిన అవసరం లేకపోయినా బ్యాగు తెచ్చుకుని వెర్నియర్ పెట్టి కొలిచింది.

"పదమూడు," అంది. తర్వాత గొంతు మారింది. "బుధుడు నాలుగు పాయింట్ తొమ్మిదా... అయిదవుతుంది. కుజుడు ఏడు. మనం పెట్టినవి అయిదూ ఏడే! నాన్నా, పూసలు మార్చక్కర్లేదు!"

"శుక్రుడు?" అన్నారాయన.

"శుక్రుడు కొంచెం బక్కచిక్కుతాడు."

"రాసి పెట్టు. తెలిసిన తప్పుని దాచకూడదు." ఆయన ఎర్ర పెన్ను కూతురి చేతికిచ్చారు. ఇన్నేళ్లలో ఆ పెన్ను ఆమె చేతికి రావడం అదే మొదటిసారి. "సూర్యుడి సంగతేంటి?"

"గుడ్డతో కుట్టాం," అన్నాడతను. "చుట్టూ అంచు లేసు వేస్తాను. వెడల్పు పద్నాలుగు మిల్లీమీటర్లు. గురుడికీ, చివరి రెండు నీలం ఉండలకీ ఇంకో చుట్టు ఉన్ని. శనికీ అంతే, వలయం కొత్తది కోస్తాను."

ఆయన ముగ్గురికీ సరిపడేంత పెద్ద ఆటో పిలిచారు.

షాపులో ఆయన కౌంటరుకి ఇవతల నిలబడి లెక్క చెప్పారు. "అంచు లేసు. నాలుగు మీటర్ల నలభై ఆరు సెంటీమీటర్లు."

అతను కడ్డీ మీద లేసు పరిచాడు. మీటరు గీత దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు కదిలింది. దాన్ని పిడికిట్లోకి మడిచి పట్టుకున్నాడు. నాలుగుసార్లు మడిచాడు. చెమట పట్టింది. గీత మీద కత్తెర వేశాడు. తాత కాలం నుంచి ఆ షాపులో ఎవరూ గీత మీద కత్తెర వేయలేదు.

"అయ్యో, చుట్టం లాంటాయన వస్తే కొసరు లేకుండా పంపుతావేంట్రా!" అంది నాయనమ్మ.

సర్వేయరు గారు స్టీలు టేపు తీసి లేసు మీద పెట్టారు. అటు చివర చూశారు, ఇటు చివర చూశారు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు.

చీకటి పడకముందే సూర్యుడికి అంచు కుట్టడం పూర్తయింది.

*

శనివారం పదింటికి రిబ్బను కత్తిరించారు. బోర్డు మీద అంకెలన్నీ కొత్తవి. అడుగున ఆమె సంతకం. దాని కింద చిన్న అక్షరాల్లో 'శుక్రుడు నూటికి మూడు పాళ్లు సన్నం' అని ఉంది. పిల్లలు బుధుడి దాకా పరిగెత్తారు, భూమి దాకా నడిచారు, గురుడి దాకా వెళ్లే ఓపిక సగంమందికే ఉంది. దారంతా ఇంత ఖాళీ ఏంటని అడిగారు. పుస్తకంలో బొమ్మ అబద్ధమా అని అడిగారు. ఆమె ఆ ప్రశ్నల కోసమే ఇదంతా చేసింది.

జనం పల్చబడ్డాక ఆమె స్టాప్‌వాచ్ తీసింది. పదిన్నర.

"నడుద్దామా?"

"ఎక్కడి దాకా?"

"మీరు అడిగిన చోటికి. సెకనుకొక అడుగు."

ఇద్దరూ సూర్యుడి దగ్గర్నించి బయలుదేరారు. మందుల షాపు దాటారు. మంగలిషాపు దాటారు. గుండీల షాపు దగ్గర ఆమె ఆగింది. బ్యాగులోంచి చిన్న పెట్టె తీసింది. లోపల ఆవగింజలో సగం లేని తెల్లపూస ఒకటి ఉంది.

"ఇదెక్కడిది?" అన్నాడతను. "మా షాపులో కొన్నది కాదే!"

"మీకు స్టాక్ ఉండదని మీ నాయనమ్మని అడిగాను. కుజుడికీ గురుడికీ మధ్య ఉన్న చిల్లరలో అన్నిటికన్నా పెద్దది ఇదే. సీరిస్. ఒక మిల్లీమీటరు. దీని దూరం లెక్కేస్తే మీ గుమ్మం ముందుకొచ్చింది."

అతను నిచ్చెన వేశాడు. స్క్రూ రెండుసార్లు కింద పడింది. పెట్టె బిగించేసరికి అయిదు నిమిషాలు పట్టింది. లోపల నాయనమ్మ మంచినీళ్లు తాగుతోంది. ఈసారి ఎవరూ తాగమనలేదు.

"ఒరేయ్, షాపు?"

"నాలుగు గంటల్లో వస్తా."

"నాలుగు గంటల్లో రారు," అంది టీచరు నాయనమ్మతో. "వెళ్లడానికే ఇంకా అంత పడుతుంది."

గురుడు దాటాక ఆమె మామూలుగా అంది. "మొదటి రోజే పై అరలో అయిదు మిల్లీమీటర్ల డబ్బా చూశాను. మీద రాసుంది."

అతను ఆగిపోయాడు.

"నడవండి. వెలుతురు ఆగదు."

అతను నడిచాడు. "మరి రోజూ ఎందుకొచ్చారు?"

"స్టాక్ లేదన్నారుగా."

శని దగ్గర స్టూడియో ఆయన ఇద్దర్నీ ఉంగరం ముందు నిలబెడతానన్నాడు. ఆగకూడదని చెబితే నడుస్తూండగానే ఫోటో తీశాడు. యురేనస్ దగ్గర పెట్రోలు బంకు వాళ్లు, ఇంత నెమ్మదిగా వెళ్తున్నారు, బండి ఆగిపోయిందా అని అడిగారు. ఆ తర్వాత దారిలో ఏమీ లేదు. ఇళ్లు, స్తంభాలు, ఖాళీ. ఆ ఖాళీలో అతను అన్నాడు.

"మీరంటే నాకిష్టం."

"ఎంత?"

"కొలవలేదు."

"కొలవకండి. మీ కొలతలు నాకు తెలుసు." ఇరవై అడుగులు నడిచాక ఆమె చెయ్యి వచ్చి అతని చేతిలో పడింది. "నాది కూడా రాసుకోండి. కొసరుతో కలిపి."

ట్రాన్స్‌ఫార్మర్ దాటారు. ఆ తర్వాతి తొంభై మీటర్లూ ఇద్దరూ చేతులు వదలకుండా నడిచారు.

గేటు దగ్గర సర్వేయరు గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చేతిలో గడియారం ఉంది. కూతురి చెయ్యి ఎక్కడుందో చూశారు, గడియారం చూశారు.

"పదిన్నరకి బయలుదేరుతామన్నావు. రెండు నలభై అయిదైంది. నాలుగు గంటల పదిహేను నిమిషాలు. వెలుతురుకి నాలుగు గంటల పది చాలు."

"దారిలో ఒక పనుండి ఆగాం నాన్నా."

ఆయన పెదవులు కదిలాయి. రెండొందల యాభై నిమిషాలకి అయిదు. అలవాటు చొప్పున భాగిస్తున్నారు. భాగించడం అయ్యాక అతని బొటనవేలి వైపు చూశారు.

"నూటికి రెండు," అన్నారు.

ఎర్ర పెన్ను కోసం జేబు తడుముకున్నారు. అది కూతురి దగ్గరుందని గుర్తొచ్చింది. లేచి, నెప్ట్యూన్‌కి తగలకుండా గేటు తీశారు.

"లోపలికి రావయ్యా, కొసరూ. కాళ్లు నొప్పెడుతుంటాయి."